సాంచాల నడుమ తొట్టెల పాట

కాలర్ మైక్ కొనడానికి నా షాపుకు వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి చెప్పడానికి ఏమీ ఉండదు. యూట్యూబ్ ఛానల్ పెడతామంటారు. అందులో ఏం చెబుతారని అడిగితే, ముందు మైక్ అయితే తీసుకుందాం అన్నా, తర్వాత చూద్దాం అంటారు. వారం తిరక్కముందే పని చేయడం లేదని వెనక్కి పట్టుకొస్తారు. నేను చూస్తే మైక్ బాగానే ఉంటుంది. పన్నెండేళ్లుగా కోరుట్ల బస్టాండు ఎదురుగా మొబైల్ షాపు నడుపుతున్నాను. మనుషుల మీద నాకు ఓపిక కొంచెం తగ్గిన మాట నిజమే. నా పేరు మునావర్. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. పదో తరగతిలో తెలుగు పరీక్షలో మా క్లాసు మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంగతి ఇప్పటికీ సందు దొరికితే చెప్పుకుంటాను.

కానీ ఇది నా గొప్ప కోసం రాస్తున్నది కాదు. లక్ష్మీరాజం అనే మనిషి గురించి రాస్తున్నాను. ఆయన నా దగ్గర ఒకే ఒక్క వస్తువు కొన్నాడు. దాన్ని వెనక్కి తేలేదు. తెచ్చి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

ఆయనది సిరిసిల్ల. పద్నాలుగో ఏట సాంచా ముందు నిలబడ్డాడు. మరమగ్గం అనే మాట అక్కడ ఆఫీసు కాగితాల మీదే కనిపిస్తుంది, మనుషులు సాంచా అనే అంటారు. వయసులో తొమ్మిదేళ్లు ముంబై దగ్గరి భివండిలో చేసి, తిరిగొచ్చి, లీలను పెళ్లి చేసుకుని, ఇంటి ముందరి గదిలోనే నాలుగు సాంచాలు పెట్టుకున్నాడు. ఆయన నేసేవాడు, ఆమె పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది. వాళ్ల గల్లీలో ఎవరింట్లో చూసినా అవే. అన్నీ ఒకేసారి నడుస్తుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడివాళ్లు అరవరు, పెదవులు కదుపుతారు. ఎదుటివాళ్లు పెదవులు చూసి జవాబు చెబుతారు. లక్ష్మీరాజం, లీల ముప్పై ఏళ్లు ఆ మోతలోనే కాపురం చేశారు, అందులోనే పోట్లాడుకున్నారు, అందులోనే ఒక బిడ్డను పెంచి పెళ్లి చేశారు. ఆ మోతలోనే ఆయన చెవులు మెల్లమెల్లగా పోయాయి. పోతున్న సంగతి ఆయనకు తెలియలేదు. పెదవులు కనబడినంత కాలం మాటలు వినబడుతూనే ఉన్నాయి కదా.

వాళ్ల బిడ్డ శ్రీలతను ఇచ్చింది మా సతీశ్‌కే. సతీశ్, నేను బడిలో ఒకే బెంచీ. ఇప్పుడు వాడు మస్కట్‌లో ఉంటాడు. ఇల్లు కోరుట్లలో, మా ఇంటికి రెండు గల్లీల అవతల.

లీల గురించి కూడా చెప్పాలి. అసలు సంగతి ఆమె గొంతే. వాళ్ల గల్లీలో ఏ ఇంట్లో పురిటి తొట్టెల కట్టినా మొదటి పాట లీలదే. పుట్టిన ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో వేస్తారు. బిడ్డ అమ్మమ్మ ముందుగా పాడాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు అందుకోవాలి. అది వాళ్ల పద్ధతి. పాడడం చేతకాని అమ్మమ్మలందరూ లీలను పిలుచుకునేవాళ్లు. ఆమె ఉన్న పాట ఉన్నట్టు పాడదు. ఆ ఇంటి సంగతులన్నీ అందులోకి లాగుతుంది. తండ్రి పిసినారి అయితే అదీ పాటలోకి వస్తుంది, తాతకు ఛాయ్ పిచ్చి ఉంటే అదీ వస్తుంది. ఎవరినీ వదలదు. జనం నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకునేవాళ్లని శ్రీలత చెప్పేది. ఇంతమంది పిల్లలకు పాడిన మనిషి తన బిడ్డ బిడ్డకు ఎలా పాడుతుందో అని గల్లీ అంతా ఎదురు చూస్తోందట.

కడుపుతో ఉన్న శ్రీలతకు ఆరో నెల దాటాక లీల గొంతులో ఏదో ఉందని తేలింది. ఎన్నో నెలలుగా గీరుకుపోతుంటే నూలు దుమ్మే అనుకుని, మిరియాల కషాయం తాగి ఊరుకున్నారు. హైదరాబాద్‌లో డాక్టర్లు చూసి, గొంతులో మాట పుట్టే చోటు మొత్తం తీసేయాలన్నారు. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. కాన్పు అయ్యేదాకా ఆగుదామని లీల బతిమాలిందట. అన్ని రోజులు ఆగితే ప్రాణం కూడా దక్కదన్నారు. వారం రోజుల్లో రమ్మని తారీఖు రాసి ఇచ్చారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం లక్ష్మీరాజం నా షాపుకు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చొక్కా మీద తెల్లటి నూలు పీచు ఉంది, దులుపుకోవాలని కూడా ఆయనకు తోచినట్టు లేదు.

"మునావర్ అంటే నువ్వేనా భాయ్? మా అల్లుడు సతీశ్ పంపిండు. గల్లకు వెట్టుకునే మైకు గావాలె."

"కూసో కాకా. దేనికోసం?" అంటూ నేను వెనక్కి తిరిగి అలమరలో వెతుకుతున్నాను. జవాబు రాలేదు.

"గిటు తిరిగి చెప్పు భాయ్. నాకు నీ మూతి కనవడాలె."

తిరిగాను. మళ్లీ అడిగాను. ఆయన నా కళ్లలోకి చూడలేదు, నా పెదవుల మీదే చూపు పెట్టి విన్నాడు. మొదటిసారి అలా చూస్తే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

"మా ఇంటామెకు ఆపరేషన్. గొంతు పోతదట. మనుమడో మనుమరాలో, తొట్టెలల ఏసేనాటికి ఆమె పాడలేదు గద. ముందుగాల్నే పాట తీసి వెట్టుకుందామని."

నేను ఒక మైక్ తీసి ముందు పెట్టాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, సాంచాలో అటూ ఇటూ పరిగెత్తే నాడెను చూసినట్టు, అన్ని వైపులా తిప్పి చూశాడు.

"ఓ మాట అడుగుత. సాంచాలు నడుస్తనే ఉంటయి. ఆమె పాటనే అస్తదా, సప్పుడంత అస్తదా?"

"ఓ గంట బంద్ వెట్టుకోరాదు కాకా."

"బంద్ వెడితే గల్లీల అందరికీ ఇనవడ్తది. కడుపుల ఉన్న బిడ్డకు తొట్టెల పాట ముందుగాల పాడద్దు భాయ్. కీడంటరు. ఉత్త తొట్టెల ఊపినట్టే గద. ఎవ్వలన్న ఇంటే మా శ్రీలతను ఏమో ఒకటి అంటరు. ఆమెకు గూడ మనసుల భయమే. సప్పుట్లనే పాడుత, ఇరవై ఒకటో రోజు దాక ఎవ్వలు ఇనద్దు, గట్లయితేనే పాడుత అన్నది."

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఆయన అడిగింది సూటి ప్రశ్న. జవాబు కూడా సూటిగా చెప్పొచ్చు. కాకా, కొంత మోత వస్తుంది, ఊరి బయటికో, చుట్టాలింటికో వెళ్లి పాడించండి అని ఉంటే సరిపోయేది. కానీ దుకాణంలో కూర్చున్నవాడి నాలుక ఊరుకోదు కదా. ఏది అమ్మినా కాస్త ఎక్కువ చేసి చెప్పడం నాకు అలవాటు.

"కాకా, గల్లకు వెట్టుకున్నంక పక్కన బాంబు పేలినా మన మాటనే అస్తది. ఫికర్ వెట్టుకోకు."

నమ్మకం కోసం చేసి కూడా చూపించాను. మైక్ ఆయన ఫోన్‌కు తగిలించి, నా చొక్కా గల్లకు పెట్టుకుని షాపు గుమ్మంలోకి వెళ్లాను. ఎదురుగా జగిత్యాల బస్సు, ఆటోల హారన్లు, కండక్టర్ కేకలు. నాలుగు మాటలు మాట్లాడి, లోపలికి వచ్చి, పిన్ను తీసి వినిపించాను. ఆయన ఫోన్‌ను కుడి చెవికి గట్టిగా ఆనించుకుని విన్నాడు.

"నీ మాటనే అచ్చింది," అన్నాడు. ముఖం తేటపడింది.

"మీద హెడ్‌ఫోన్ బొమ్మ అచ్చిందంటే కలిసినట్టు. ఇంకేం సూడక్కర లేదు," అని చెప్పి, మైక్ చుట్టి డబ్బాలో పెట్టి ఇచ్చాను. ఆయన సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

షాపు మూసే ముందు కౌంటర్ తుడుస్తుంటే, ఛార్జర్ల వెనుక నల్లటి చిన్న ముక్క ఒకటి కనబడింది.

ఆ మైకులు నిజానికి కెమెరాల కోసం చేసినవి. వాటి పిన్ను మీద రెండు నల్ల గీతలుంటాయి. ఫోన్ పిన్నుకు మూడు ఉండాలి. అందుకని డబ్బాలో ఒక చిన్న కనెక్టర్ కూడా ఇస్తారు, ఆ నల్ల ముక్క అదే. మైక్ పిన్నును అందులో గుచ్చి, దాన్ని ఫోన్‌కు పెట్టాలి. నేను పరీక్షించినప్పుడు కనెక్టర్ పెట్టాను, విప్పి పక్కన పడేసి, మైక్ ఒక్కటే డబ్బాలో వేశాను. కనెక్టర్ లేకుండా పెడితే ఫోన్ ఏ తప్పూ చూపించదు. హెడ్‌ఫోన్ బొమ్మ కూడా వస్తుంది. కానీ గల్లకున్న మైక్‌ను అసలు పట్టించుకోదు. తన సొంత మైక్‌తో చుట్టూ ఉన్న మోతనంతా రికార్డు చేసుకుంటుంది. ఏది చూసి నమ్మమని చెప్పానో, సరిగ్గా అదే ఆయన్ని మోసం చేస్తుంది.

వెంటనే ఆయన నంబరుకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. సాంచాల మధ్య నిలబడిన మనిషికి ఫోన్ మోత వినబడదని నాకు తెలియదా? తెలుసు. అయినా ఒకసారి చేశాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికి వెళ్లి అల్ఫియాకు చెప్పాను. అల్ఫియా నా భార్య, నాకన్నా తెలివైనది.

"శ్రీలత ఇల్లు రెండు గల్లీలే గద. ఇప్పుడే పోయి చెప్పరాదు?" అంది.

"రేపు చెప్తలే," అన్నాను.

మర్నాడు శుక్రవారం. నమాజు, ఆ తర్వాత హైదరాబాద్ నుంచి వచ్చిన సరుకు విప్పడం, ఇంకేవో. పని చేయకపోతే అందరిలాగే ఆయనే పట్టుకొస్తాడులే అనుకున్నాను. వస్తువు పని చేయడం లేదని కనిపెట్టడానికి చెవులుండాలనే సంగతి నాకు తోచలేదు. ఆ శుక్రవారమే లీల పాడింది.

అది ఎలా జరిగిందో తర్వాత లక్ష్మీరాజమే నాకు ఎంతో ఇష్టంగా చెప్పాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగు సాంచాలూ నడిపించాడు. లీల ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, కండెలు చుట్టే చోటే కూర్చుంది. మైక్ కొంగుకు పెట్టుకుంది. ఆయన ఎదురుగా స్టూలు మీద ఫోన్ నిలబెట్టి వీడియో పెట్టాడు. హెడ్‌ఫోన్ బొమ్మ వచ్చిందో లేదో రెండుసార్లు చూశాడు. పుట్టబోయేది ఎవరో తెలియదు కాబట్టి ఆడపిల్ల పుడితే ఒకటి, మగపిల్లవాడు పుడితే ఒకటి, రెండు పాటలు పాడింది. బొంగురు గొంతును కూడదీసుకుని, మధ్యమధ్య ఆగి నీళ్లు తాగుతూ పాడింది. ఆడపిల్ల పాటలో ఆయన మీద కూడా ఒక చరణం కట్టిందట. మీ తాత ముప్పై ఏళ్లుగా నా మూతే చూస్తున్నాడు, నా చీర రంగు ఒక్కనాడూ చూడలేదు అని.

"గది పాడుతాంటే నాకు నవ్వు ఆగలే," అన్నాడు. "మల్ల ఏసి సూసిన. అంత మంచిగ అచ్చింది. సాంచాల మధ్యనే నిలవడి సూసిన, ఒక్క మాట పోలే."

మైక్ పిన్ను తీయకుండా చూసి ఉంటాడు. పిన్ను ఉండగా ఫోన్‌లో నుంచి బయటికి శబ్దమే రాదు. ఆయన వీడియోలో లీల పెదవులు చూశాడు. ఒక్క మాట కూడా పోలేదు.

నాలుగు రోజులకు ఆపరేషన్ అయింది. లీల బతికింది. ఆ నెలలోనే సతీశ్ మస్కట్ నుంచి ఫోన్ చేసినప్పుడు, మైక్ సంగతి మామ ఏమన్నా అన్నాడా అని నెమ్మదిగా అడిగాను. ఫస్ట్ క్లాస్‌గా వచ్చిందని మామ అన్నాడని వాడు చెప్పాడు. ఏమో, కొన్ని ఫోన్లు కనెక్టర్ లేకున్నా తీసుకుంటాయేమో అనుకున్నాను. తీసుకోవని నాకు తెలుసు. అయినా అనుకున్నాను, ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

శ్రీలత కాన్పుకు సిరిసిల్ల వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. సతీశ్‌కు సెలవు దొరకలేదు. తొట్టెల నాడు నువ్వు వెళ్లి వీడియో కాల్‌లో చూపించు, పాట వినిపించడానికి ఒక స్పీకర్ కూడా పట్టుకుపో అని నన్ను అడిగాడు. ఒప్పుకున్నాను. పొద్దున్నే బస్సెక్కాను. చొక్కా జేబులో కనెక్టర్ వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తప్పు చెప్పుకునేటప్పుడు చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలనిపించింది. దారిలో చందుర్తి దాటేదాకా ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచించాను, దాటాక ఇక ఆలోచించలేదు.

ఆ రోజు సాంచాలు ఆపేశారు. పక్క ఇళ్లవాళ్లు కూడా లీల పాట కోసమని ఆపారు. సాంచాల గల్లీ అంత నిశ్శబ్దంగా ఉంటుందని నేను అనుకోలేదు. సాంచాలను చీరలతో కప్పి, దూలానికి తొట్టెల కట్టి, బంతిపూలు చుట్టారు. ఆడవాళ్లతో ఆ ముందరి గది నిండిపోయింది. లీల మెడకు తెల్ల గుడ్డ చుట్టుకుని తొట్టెల పక్కన కూర్చుంది. మనిషి సగమైంది.

నన్ను చూసి పెదవులు కదిపింది. నాకేమీ అర్థం కాలేదు. వెనుక నుంచి లక్ష్మీరాజం అందుకున్నాడు.

"ఛాయ్ తాగినవా బిడ్డా అని అడుగుతాంది."

తాగానన్నాను. మళ్లీ ఏదో అంది. "సన్నగున్నవట," అన్నాడాయన. శ్రీలతకు తల్లి మాట సగమే అర్థమవుతోంది, వచ్చినవాళ్లకు అసలే అర్థం కావడం లేదు. ఆయనకు మాత్రం ఒక్క అక్షరం కూడా పోవడం లేదు. ఇల్లంతా తిరుగుతూ, ఆమె ఎవరితో ఏమన్నా పక్కకు వచ్చి ఆ మాటను పలికి పోతున్నాడు. ముప్పై ఏళ్లు ఎలా మాట్లాడుకున్నారో ఇప్పుడూ అలాగే మాట్లాడుకుంటున్నారు. ఆపరేషన్‌తో వాళ్లిద్దరి మధ్య ఏదీ మారలేదు.

ఆయన్ని పక్కకు పిలిచి చెబుదామని జేబులో చెయ్యి పెట్టాను. ఆయన అప్పటికే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"గా డబ్బాకు కలుపు మునావర్. ఆడపిల్ల పాట పెట్టు. ఇగ అందరు ఇనచ్చు."

స్పీకర్‌కు కలిపాను. నా ఫోన్‌లో సతీశ్‌కు వీడియో కాల్ పెట్టి, కిటికీలో నిలబెట్టాను. శ్రీలత బిడ్డను తొట్టెలలో వేసింది. నేను మీట నొక్కాను.

సాంచాలు మోగాయి. నాలుగు సాంచాలు, వాటి వెనుక గల్లీలోని సాంచాలన్నీ. టకటకటక అని స్పీకర్ అదిరిపోయింది. పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. శబ్దం తగ్గించాను. మోత తగ్గింది, దాని కింద పాట మాత్రం లేదు. ఫోన్ బొమ్మలో లీల చేతులు తిప్పుతూ, నవ్వుతూ, కనుబొమలు ఎగరేస్తూ పాడుతోంది. ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

లక్ష్మీరాజం ఫోన్ ముందు గొంతుక్కూర్చుని బొమ్మలోకి చూస్తున్నాడు. పెదవులు ఆమెతో పాటు కదుపుతున్నాడు. ఒకచోట చటుక్కున నవ్వి, చుట్టూ అందరి వైపూ తిరిగాడు.

"నన్నే అంటాంది. సీర రంగు సూడనట."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎలా తెచ్చుకున్నారో నాకు తెలియదు. ఆ గల్లీవాళ్ల మీద నాకు ఆ రోజు కలిగిన గౌరవం అంతా ఇంతా కాదు.

కిటికీలోంచి సతీశ్ గొంతు వచ్చింది. "అరే మునావర్, ఏం ఇనవడ్తలేదురా. ఒట్టి సాంచాల సప్పుడే అస్తాంది. అత్తమ్మ పాట ఏది?" రెండు అడుగుల్లో వెళ్లి కాల్ కట్ చేశాను. లక్ష్మీరాజం తిరిగి చూడలేదు. ఆయనకు వినబడలేదు.

పాట ఇంకా ఉండగానే ఒక్కసారిగా మోత తగ్గింది. ఆ శుక్రవారం కరెంటు పోయినట్టుంది. సాంచాలు ఒక్కొక్కటీ నెమ్మదించి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో స్పీకర్‌లోంచి లీల గొంతు వచ్చింది. బొంగురుగా, కానీ స్పష్టంగా, పక్కనే కూర్చుని మాట్లాడినట్టు.

"కరంటు పోయింది. ఆపాల్నా, పాడాల్నా?"

గల్లీలో ఎవరైనా వింటారని ఆగి ఉంటుంది. నాలుగు క్షణాలు. కరెంటు తిరిగొచ్చి, సాంచాలు మళ్లీ అందుకున్నాయి. ఆ తర్వాత పాట అయిపోయేదాకా అదే మోత.

శ్రీలత లేచి లోపలి గదిలోకి వెళ్లింది. పాలిచ్చే మనిషి ఏడవకూడదని ఎవరో అన్నారు. తల్లి పాట విని తట్టుకోలేక ఏడుస్తోందని లక్ష్మీరాజం అనుకున్నాడు. ఒక ముసలామె తొట్టెల తాడు పట్టుకుని మామూలు పాట ఎత్తుకుంది, మిగతావాళ్లు కలిశారు. కార్యం జరిగిపోయింది.

నేను మంచినీళ్ల సాకుతో లోపలికి వెళ్లాను. శ్రీలత గోడకు ఆనుకుని కూర్చుంది.

"తప్పు నాదే చెల్లె," అని జేబులోంచి కనెక్టర్ తీశాను. ఇది డబ్బాలో పెట్టడం మరిచిపోయాను, ఆ రోజు సాయంత్రమే చూశాను, ఒకసారి ఫోన్ చేసి ఊరుకున్నాను అని మొత్తం చెప్పాను. ఆమె దాన్ని వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూసింది. తిడుతుందేమో అని చూశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది.

"గింత ముక్కనా," అంది. తిరిగి నా చేతిలో పెట్టింది. "అన్నా, గా కరంటు పోయిన కాడ అవ్వ మాట్లాడింది గద. గంత కోసి నా ఫోన్‌ల ఎయ్యి."

అక్కడే కోసి పంపాను. ఆమె ఫోన్‌ను చెవికి పెట్టుకుని ఒకసారి విన్నది, మళ్లీ ఒకసారి విన్నది. మూడోసారి వినేటప్పుడు నేను అక్కడ నిలబడలేక బయటికి వచ్చాను.

ముందరి గదిలో జనం పలచబడ్డారు. లక్ష్మీరాజం గుమ్మం దగ్గర వచ్చినవాళ్లను సాగనంపుతున్నాడు. లీల తొట్టెల ఊపుతోంది. నేను వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను. ఆమె చెవులు బాగానే పని చేస్తాయి. పాటలో ఏం వినబడిందో, ఏం వినబడలేదో ఆమెకు తెలుసు. ఇరవై ఒకటో రోజు దాకా తనే వినొద్దంది, తన గొంతు ఆఖరుసారి వినాలని తనూ ఎదురు చూసింది.

"చిన్నమ్మా," అని చెయ్యి చాపి కనెక్టర్ చూపించాను. అదేమిటో ఆమెకు తెలిసే అవకాశం లేదు. నా ముఖం చూసి తెలుసుకుంది. గుమ్మం వైపు, ఆయన వీపు వైపు ఒకసారి చూసింది. నా వేళ్లను మూసి, పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తల అడ్డంగా ఊపింది, ఒక్కసారే.

లక్ష్మీరాజం వచ్చాడు. చేతిలో తన సాంచా మీద నేసిన తువ్వాల ఉంది. దాన్ని నా భుజం మీద వేశాడు.

"నువ్వు చెప్పినట్టే అచ్చింది భాయ్. బాంబు పేలినా ఆమె మాటనే అస్తది అన్నవు గద." ఇద్దరినీ చూసి ఆగాడు. "ఏందట? ఏమంటాంది?"

లీల ఆయన వైపు తిరిగి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి పెదవులు కదిపింది. ఆయన చూశాడు. ముఖమంతా వెలిగింది. ఆ మాటను ఎప్పటిలాగే నాకు అందించాడు.

"పాట మంచిగ ఇనవడ్డదట."

నా పెదవులు ఆయనకు కనబడేలా తల ఎత్తాను.

"అవును కాకా," అన్నాను. "మంచిగ ఇనవడ్డది."